రెండుసార్లు నూరేళ్ళ పండుగ చేసుకున్న పియానో

సీతాఫల్‌మండిలో బిక్షం ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. పియానో బిక్షం ఇల్లు అని అడిగి చూడండి, ఇస్త్రీ బండి మనిషి చేతిలో పని వదిలేసి వచ్చి మిమ్మల్ని గల్లీ చివరిదాకా దింపి వెళ్తాడు. తమాషా ఏమిటంటే ఆ గల్లీలో ఒక్క ఇంట్లోనూ పియానో లేదు. బిక్షం ఇంట్లో అసలే లేదు. పెట్టడానికి చోటేదీ? ఉన్న రెండు గదుల్లో ఒకటి పుష్పమ్మ కుట్టుమిషనుది, రెండోది ఊళ్ళోవాళ్ళ పియానోల్లోంచి ఊడివచ్చిన సామానుది. "నన్ను జేసుకున్నవా, గా సామాన్లను జేసుకున్నవా?" అని పుష్పమ్మ నలభై నాలుగేళ్ళుగా మొగుణ్ణి అడుగుతోంది. 

పియానో గురించి బిక్షానికి మొట్టమొదట తెలిసింది దాని బరువు. తండ్రి రైల్వే గూడ్స్ షెడ్డులో హమాలీ. పదిహేనేళ్ళకే తండ్రి వెనక తాడు పట్టుకుని నడిచాడు. చర్చిలో వాయిస్తూ, ఊళ్ళో పియానోలన్నిటినీ శ్రుతి చేసే శాంతికుమార్ మాస్టారు ఒకసారి రైల్లో వచ్చిన పియానో దింపించుకోవడానికి షెడ్డుకు వచ్చి ఈ కుర్రవాణ్ణి చూశారు. మిగతా ముగ్గురూ పెట్టె దించి చెమట తుడుచుకుంటుంటే వీడు పెట్టెకు చెవి ఆనించి లోపల తీగలు ఇంకా మోగుతున్నాయా అని వింటున్నాడు. "మోసినవాడికి బరువు ఎక్కడుందో తెలుసు, ఇక లోపల ఏముందో నేను చెప్తాను" అని తండ్రిని అడిగి వెంట తీసుకుపోయారు. ఆ తండ్రి ఎంత సంతోషించాడో, ఒక హమాలీ కూలి పోయిందని అంతే ఏడ్చాడు.

మాస్టారి దగ్గర ఒక పద్ధతి ఉండేది. పని పూర్తయ్యాక పియానో కీ ఒకటి బయటికి లాగి, ఆ పొడుగాటి కట్టె పక్క మీద పెన్సిలుతో పేరూ తేదీ రాయాలి. బయటికి కనబడదు, ఇంటివాళ్ళకు తెలియదు. మళ్ళీ దాన్ని విప్పిన మనిషికే కనబడుతుంది. ఎడమ చేతి వైపు మొదటి కీ గురువుది, కుడి చివరి కీ శిష్యుడిది. మాస్టారు పోయి ఇరవై ఎనిమిదేళ్ళయింది. బిక్షం మాత్రం ఇప్పటికీ చివరి కీ మీదే రాస్తాడు. మొదటి కీ జోలికి పోడు.

"అరవై ఎనిమిదేండ్లొచ్చినయ్. ఇంకెప్పుడు ముంగటికొస్తవయ్యా?" అంటుంది పుష్పమ్మ.

"గది సార్ జాగ" అంటాడు బిక్షం. 

జూలైలో ఒక మంగళవారం అల్వాల్ నుంచి షెకీనా ఫోన్ చేసింది. షెకీనా కాంతమణి టీచర్ మేనకోడలు, అత్తతోనే ఉంటుంది. కాంతమణి టీచర్ అంటే మిషన్ స్కూల్లో ముప్ఫై అయిదేళ్ళు సంగీతం చెప్పి రిటైరయిన మనిషి. డెబ్బై ఏళ్ళ వయసులో ఇప్పటికీ సాయంత్రాలు తొమ్మిదిమంది పిల్లలకు పియానో నేర్పుతోంది.

"అంకుల్, మేం ఇల్లు మారుతున్నాం. ఓనర్ ఈ ఇల్లు పడగొడుతున్నాడు. కొత్త ఫ్లాట్ రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. ప్యాకర్స్ వాళ్ళు చూసి పియానో పైకి పోదని చెప్పేశారు. కిషన్ గారని హోటలాయన నాలుగు లక్షలకు అడుగుతున్నారు. 1881 నాటిదని తెలిసిన మనిషి చేత రాయించి ఇమ్మంటున్నారు. మీరు తప్ప ఎవరున్నారు అంకుల్?"

బిక్షానికి సంతోషమూ దిగులూ ఒక్కసారే వచ్చిపడ్డాయి. ఆ పియానో పోతుందంటే దిగులు. తన చేతి రాతకు ఒకడు నాలుగు లక్షలు పెడుతున్నాడంటే సంతోషం. ఇన్నేళ్ళలో తనని కాగితం మీద సంతకం అడిగినవాడు రేషన్ దుకాణం మనిషి ఒక్కడే. ఆ సాయంత్రమే మోండా మార్కెట్‌కి వెళ్ళి, పది రూపాయల పెన్ను మర్యాదగా ఉండదని ఎనభై రూపాయల పెన్ను కొన్నాడు. పుష్పమ్మ చొక్కా ఇస్త్రీ చేస్తూ, "పెండ్లప్పుడు సుత గింత షోకు జెయ్యలే" అంది.

ఆ పియానో 1881 నాటిదని మొదట చెప్పింది ఎవరనుకున్నారు? బిక్షమే.

అది 1979. మాస్టారికి జ్వరం వచ్చి, శిష్యుణ్ణి మొదటిసారి ఒంటరిగా అల్వాల్ పంపారు. కాంతమణి తండ్రి యేసుదాసు గారు రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు. బొల్లారంలో ఎవరో దొర ఖాళీ చేసి వెళ్తుంటే వేలంలో ఆ పియానో కొన్న మనిషి. కుర్రవాడు పై మూత ఎత్తగానే ఆయన పక్కన నిలబడి, "ఏమయ్యా, ఇది ఎప్పటిదంటావ్?" అని అడిగారు. ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో ఏ మగవాడైనా తెలియదని చెప్తాడా? లోపల ఇనుప చట్రం మీద బంగారు రంగులో ఒక పతకం బొమ్మ, దాని కింద 1881 అని పోత పోసి ఉంది. "పద్దెన్మిదొందల ఎనభై ఒకటి సార్!" అని బిక్షం గట్టిగా చెప్పాడు. యేసుదాసు గారు అతని వీపు తట్టి రెండు రూపాయలు ఎక్కువిచ్చారు.

ఆ కుటుంబం దేనికైనా పాస్టరు గారిని పిలిచి కృతజ్ఞతా కూటం పెట్టే కుటుంబం. పరీక్ష ప్యాసయితే కూటం, జ్వరం తగ్గితే కూటం, పోయిన గొడుగు దొరికితే కూటం. పియానోకి నూరేళ్ళు వస్తున్నాయంటే ఊరుకుంటారా? 1981 నవంబరులో కార్డులు వేయించారు. వందమంది వచ్చారు. పాస్టరు గారు పియానో మీద చెయ్యి ఉంచి నలభై నిమిషాలు ప్రార్థన చేశారు. శాంతికుమార్ మాస్టారు వాయించారు, రెండు ముక్కల కేకు తిన్నారు, ఏమీ మాట్లాడలేదు. అప్పటినుంచి ప్రతి నవంబరు మొదటి శనివారం ఆ పియానోకి పుట్టినరోజే. కేకు, నిమ్మకాయ పులిహోర, తప్పనిసరి అతిథిగా బిక్షం. పెళ్ళయ్యాక పుష్పమ్మ కూడా. నలభై అయిదేళ్ళపాటు ఆ కేకు తిన్నాడు మహానుభావుడు.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికే బిక్షం సంచీతో అల్వాల్ చేరాడు. కిషన్ గారు పదకొండింటికి వస్తారు. కాంతమణి టీచర్ టీ ఇచ్చి పియానో వైపు చూడకుండా నిలబడింది.

"ముందు ధర సంగతి చెప్పు బిక్షం. ఆయనిచ్చే నాలుగు లక్షలు న్యాయమేనా? పిల్లలకు రెండు కీబోర్డులు కొనిపెడితే పాఠాలు ఆగవు. నేను లెక్కలేసుకున్నాను. ఏం ఫరవాలేదు" అంది. 

"సూస్తనమ్మా. ఏండ్లు జూసి ధర జెప్తే మోసం. లోపల జూసి జెప్పాలె" అని బిక్షం ముందు పలకలు విప్పాడు.

పాత పియానో విలువ కట్టడంలో అతనికో క్రమం ఉంది. తీగలు చుట్టిన పిన్నులను పానాతో ఒక్కొక్కటే కదిపి చూశాడు. బిగువుగా ఉన్నాయి. టార్చి వేసి వెనక చెక్క చూశాడు. ఒక పగులు ఉంది, పాతదే, ముదరలేదు. సుత్తుల మీది ఉన్ని నొక్కాడు. తీగల గాట్లు లోతుగా పడ్డాయి కానీ పురుగు తినలేదు. ఎనభై అయిదు కీల్లో రెండింటి మీద దంతపు పలక లేచింది. మంచి సరుకే. ఇక వయసు రాయాలి. సర్టిఫికెట్టు అన్నాక పద్ధతిగా ఉండాలని, ఎప్పుడూ చేయని పని ఒకటి చేశాడు. చట్రం మూలన ఉన్న కంపెనీ నెంబరు చదివి, సంచీలోంచి మాస్టారి పాత నోట్‌బుక్కు తీశాడు. అందులో ఒక్కో లండన్ కంపెనీ ఏ సంవత్సరం ఏ నెంబరు దాకా చేసిందో మాస్టారు పట్టిక రాసి పెట్టారు. ఇన్నేళ్ళూ దాని అవసరం రాలేదు. శ్రుతి చేయించుకునేవాళ్ళు ఎవరూ పుట్టిన తేదీ అడగరు కదా.

చట్రం మీది నెంబరు అరవై ఒక్క వేలు దాటింది. పట్టికలో 1881కి ఆ కంపెనీ తొమ్మిది వేలు కూడా దాటలేదు.

బిక్షం కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. నెంబరు మారలేదు. ఫ్యాక్టరీ వాళ్ళు తయారైన తేదీ ఒక్కోసారి మొదటి కీ పక్కన రాస్తారని మాస్టారు చెప్పింది గుర్తొచ్చింది. మొదటి కీ. సార్ జాగ. శ్రుతి చేయడానికి కీ ఊడదీయనక్కర్లేదు. ఆ అట్టడుగు కీని ఎవరూ వాయించరు కనుక అది ఎన్నడూ చెడలేదు. అందుకే ఇన్నేళ్ళలో దాన్ని ఊడదీసే పనే పడలేదు. చేయి సాచి వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ సాచాడు. మనసులోనే మాస్టారికి దండం పెట్టుకుని మొదటి కీ పైకి లాగాడు.

కట్టె పక్కన ఎవరో పరదేశి చేతి రాత, 14.8.26. దాని కింద మాస్టారి ముత్యాల్లాంటి అక్షరాలు. 1968, 1971, 1974, వచ్చిన తేదీలన్నీ వరసగా. ఆ తేదీల చివర చిన్న అక్షరాలతో: "మా బిక్షం 1881 అన్నాడు. కేకు బాగుంది. ఈ కీ తీసిననాడు వాడే దిద్దుకుంటాడు. శాంతికుమార్, 1981."

బిక్షానికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ వెంటనే ఏడుపొచ్చింది. తెలిసీ మాస్టారు ఒక్క మాట అనలేదు. వందమందిలో శిష్యుడి పరువు తీయలేదు, ఇంటివాళ్ళ సంతోషం చెడగొట్టలేదు. ఏదో ఒకరోజు వీడు ఈ కీ తీయగల మనిషి అవుతాడని నమ్మి, రాసి పెట్టి వెళ్ళిపోయారు. అది తీయడానికి తనకు నలభై అయిదేళ్ళు పట్టింది.

కీ తిరిగి గూట్లో పెట్టేస్తే సరిపోయేది. మూడో కంటికి తెలియదు. టీచరమ్మకు నాలుగు లక్షలొస్తాయి, పిల్లలకు కీబోర్డులొస్తాయి, తన పేరు నిలుస్తుంది. ఈ లెక్క బిక్షం వేయలేదని నేను అబద్ధం చెప్పను. వేశాడు. ఎనభై రూపాయల పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు కూడా. కానీ వాడే దిద్దుకుంటాడు అన్న మాట చేతిలో ఉంది. దాన్ని గూట్లోకి తోసెయ్యడానికి చేయి రాలేదు.

"అమ్మా, జెర గిట్ల కూసోన్రి" అన్నాడు.

"ఏమైంది? పురుగు పట్టిందా?"

"దానికేం గాలే. తప్పు నాది. నేను జెప్పిన ఏడు తప్పమ్మా. గా పతకం కంపెనోళ్ళకు ఎగ్జిబిషన్ల బహుమానం వచ్చిన ఏడు. ఆల్లు ఆ తర్వాత జేసిన పియానోలన్నిటి మీద గదే అచ్చు పోసిన్రు. అప్పుడు నాకు తెల్వదు, తర్వాత తెలిసినా దీన్ని మల్ల సూడలే. తెల్వదని చెప్పనీకె సిగ్గయ్యింది. ఇది పందొమ్మిదొందల ఇరవై ఆరుల తయారైంది."

షెకీనా వంటింట్లోంచి గరిటెతోనే వచ్చేసింది. కాంతమణి టీచర్ కీ అందుకుని, కళ్ళజోడు పైకి జరిపి, తేదీ చదివింది. మాస్టారి మాటలు చదివింది. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టింది.

"అయితే బిక్షం, మా నాన్నగారు నూరేళ్ళ పండుగ చేసింది..."

"యాభై అయిదేండ్ల దానికమ్మా."

కీ ఒడిలో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. తర్వాత కాంతమణి టీచర్ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని బిక్షం లేచి నిలబడ్డాడు. ఏడుపు కాదు, నవ్వు. కుర్చీ చేతులు పట్టుకుని, పైట చెంగు నోట్లో కుక్కుకుని, ఊపిరాడకుండా నవ్వింది. "పాస్టరు గారు... నలభై నిమిషాలు... దీర్ఘాయువు దయచేసినందుకని..." అని చెప్పబోయి చెప్పలేక మళ్ళీ నవ్వింది. షెకీనా గరిటె పట్టుకునే నేల మీద కూలబడింది. బిక్షం కొంతసేపు తప్పు చేసినవాడిలా నిలబడి, చివరికి తానూ ఆపుకోలేకపోయాడు.

ఆ నవ్వుల మధ్య కిషన్ గారు వచ్చారు. చెడ్డవాడేం కాదు, తొందర మనిషి. విషయమంతా విని గడియారం చూసుకున్నారు.

"ఇరవై ఆరా? నేను హోటల్ బోర్డు మీద 1881 అని రాయించేసిన కాకా. పతకం మీద ఉండనే ఉన్నది గదా, గదే రాసెయ్యి. ఎవడొచ్చి చూస్తడు? నీకు సుత పదివేలిస్తా."

బిక్షం టీచరమ్మ వైపు చూశాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. అమ్ముకోవలసిందీ, పోగొట్టుకోవలసిందీ ఆమె. అయినా రాసే చేయి బిక్షానిది కనుక అతనికే వదిలేసింది.

బిక్షం కాగితం మోకాలి మీద పెట్టుకుని పెన్ను మూత తీసి, ఒక్కో అక్షరం పేర్చుకుంటూ రాశాడు. తయారైన తేదీ 14-8-1926. పిన్నులు గట్టివి. వెనక చెక్కకు ఒక పాత పగులు. సుత్తులకు పని ఉంది. ఇప్పుడున్న స్థితిలో ధర డెబ్బై వేలు. కింద సంతకం చేసి కిషన్ గారి చేతికిచ్చాడు.

"సరే పోనీ, డెబ్బై ఇస్తా" అన్నారు కిషన్ గారు, పియానో చుట్టూ తిరుగుతూ. "ఏడు ఏదైతేంది, బయట చెక్క మస్తున్నది. లోపలిదంతా పీకేసి సీసాలు పెట్టుకుంట."

"ఏం సీసాలు బాబూ?" అంది కాంతమణి టీచర్.

కిషన్ గారు గోడ మీది బైబిలు వాక్యాల క్యాలెండరు చూశారు. "జ్యూస్ సీసాలే అమ్మా" అన్నారు, నేల చూపులు చూస్తూ.

"మా నాన్నగారు ఈ పియానో ముందు కూర్చుని ముప్ఫై ఏళ్ళు సండే స్కూలు నడిపారు. నేను దీన్ని అమ్మను బాబూ. కాఫీ తాగి వెళ్ళండి."

ఆ మాట అన్నాక ఆమె ముఖం చూడాలి. నెల రోజులుగా మోస్తున్న బరువెవరో దించినట్టు తేటగా ఉంది. అమ్మాలని ఆమెకు ఎన్నడూ లేదు. పైకి పోదన్నారు కనుక ఒప్పుకుంది. షెకీనా మాత్రం నెత్తి పట్టుకుంది.

"మరి పైకెలా అత్తా? ప్యాకర్స్ వాళ్ళు టేపుతో కొలిచి మరీ చెప్పారు."

"ఆల్లు పెట్టెను కొలిచిన్రు బిడ్డా" అన్నాడు బిక్షం. అంతవరకు ఒదిగి కూర్చున్నవాడు ఒక్కసారిగా భుజాలు విప్పుకుని నిలబడ్డాడు. "నేను విప్పెటోణ్ణి తర్వాత. ముందు మోసెటోణ్ణి. పా, గా ఇల్లు జూపియ్."

తర్వాతి ఆదివారం చర్చి నుంచి వచ్చిన జనమంతా ఆ అపార్ట్‌మెంటు కింద నిలబడి చూశారు. ముఖపలకలు, సుత్తుల చట్రం, ఎనభై అయిదు కీలు నెంబర్లు వేసి దుప్పట్లలో ముందే పైకి చేరాయి. మిగిలింది చెక్క పెట్టె, ఇనుప చట్రం. మోండా మార్కెట్ నుంచి నలుగురు హమాలీలు, వెడల్పాటి పట్టీలు, కింద గోనె సంచులు. మొదటి మలుపు దగ్గర రెయిలింగు అడ్డమొస్తుందని బిక్షం ముందే చూసి నాలుగు బోల్టులు విప్పించాడు. అక్కడ పియానోని నిలువునా లేపి తిప్పాలి. "జెర ఆగు, బరువు నా దిక్కు రానియ్" అంటూ, వద్దని పుష్పమ్మ కింద నుంచి అరుస్తున్నా వినకుండా, భుజం ఆనించాడు. ఒక అంగుళం సందుతో అది తిరిగింది. పైన కాంతమణి టీచర్ తొమ్మిదిమంది శిష్యులూ చప్పట్లు కొట్టారు. బిక్షం కిందికి చూసి పుష్పమ్మకు మీసం తిప్పి చూపించాడు. ఆ రాత్రి నడుముకు కాపడం పెట్టింది కూడా ఆమే.

ఆగస్టు పద్నాలుగున మళ్ళీ కూటం పెట్టారు. ఈసారి కార్డుల్లేవు, వాట్సాప్‌లోనే పిలిచారు. కొత్త పాస్టరు గారు ప్రార్థన పదకొండు నిమిషాల్లో ముగించారు, వృద్ధులకు అది కొంచెం వెలితిగా అనిపించింది. కేకు మీద వంద అని రాయించి, పక్కనే చిన్న అక్షరాలతో "ఈసారి నిజంగా" అని షెకీనా చేర్పించింది. రెండు వారాలు రోజూ వచ్చి బిక్షం సుత్తుల ఉన్ని గీకి సాపు చేశాడు, శ్రుతి చేశాడు. ఒక్క పని మిగిలింది. మొదటి కీ, చివరి కీ ఇంకా బయటే ఉన్నాయి.

కాంతమణి టీచర్ పెన్సిలు చెక్కి తెచ్చి ఇచ్చింది. బిక్షం అలవాటు ప్రకారం కుడి వైపుకు నడిచాడు.

"గటెటు పోతున్నవ్?" అంది పుష్పమ్మ, గదిలో అందరికీ వినబడేలా. "గీ దిక్కు రా."

బిక్షం ఆగాడు. వెనక్కి వచ్చి మొదటి కీ ఒడిలో పెట్టుకున్నాడు. మాస్టారి చివరి వాక్యం కింద కట్టె మీద ఇంకా ఒక వాక్యానికి సరిపడా చోటుంది. ఇన్నేళ్ళూ ఖాళీగానే ఉంది. అక్షరాలు కనబడక కళ్ళు రెండుసార్లు తుడుచుకుని, నెమ్మదిగా రాశాడు: "దిద్దుకున్న సార్. 1926. బిక్షం, 14-8-2026."

కీని గూట్లో కూర్చోబెట్టాడు. ఎవరూ ఎప్పుడూ వాయించని ఆ అట్టడుగు కీని కాంతమణి టీచర్ వచ్చి ఒక్కసారి నొక్కింది. లోతైన ఆ స్వరం గదంతా నిండి, నేల గుండా పాదాలకు తెలిసింది. బిక్షం కూలీ కుర్రవాడిగా ఉన్నప్పటిలాగే వంగి పెట్టెకు చెవి ఆనించాడు. అది పూర్తిగా ఆగాకే తల ఎత్తాడు.

"ఇగ కేకు కొయ్యున్రి" అంది పుష్పమ్మ.